తొమ్మిది ఇళ్ళ గింజలు

వాన ఎప్పుడొస్తుందో, వస్తే ఎంతసేపు నిలుస్తుందో ఎవరికీ తెలియని ఒక మెట్ట సీమ ఉండేదట. ఎప్పటి మాట అని అడక్కండి. నాకు చెప్పినవాళ్ళకే తెలియదు, వాళ్ళకి చెప్పినవాళ్ళకీ తెలియదు. ఆ సీమలో ఎర్రమిట్ట అని ఒక పల్లె. పల్లెలో పది ఇళ్ళు. పది ఇళ్ళకీ కలిపి మట్టిగోడల ప్రార్థన మందిరం ఒకటి. పదో ఇల్లు అందరికంటే చివర, అన్నిటికంటే చిన్నది. ఆ ఇంట్లో లేయమ్మ ఉండేది.

లేయమ్మకి మొగుడు లేడు, పాము కరిచి పోయాడు. పిల్లలు లేరు. ఉన్నదల్లా మంచం పట్టిన అత్త ఒక్కతే. కోతలప్పుడు లేయమ్మ ఊళ్ళో రైతుల చేలల్లో కోతకి పోయేది. కోతలయ్యాక అవే చేలల్లో రాలిన కంకులు ఏరుకునేది. పరిగె అంటారు దాన్ని. కోతలూ పరిగే లేని రోజుల్లో నలుగురి ఇళ్ళల్లో తిరగలి తిప్పేది. మూడూ నడుము విరిచే పనులే. పొద్దున్నే లేచేటప్పటికే ఆమె అలిసిపోయి ఉండేది. గడపలో కాసేపు కూచునేది. అలుపు తీరేది కాదు. అయినా లేచేది.

ఇలా ఉండగా ఎర్రమిట్ట అయ్యగారు కాలం చేశారు. అయ్యగారంటే పల్లెకి ప్రార్థన చేసే కాపరి. ఆయన ఆరడుగుల మనిషి. ఆయన పాట ఎత్తుకుంటే వాగు అవతలి పశువులు తలెత్తి చూసేవట. అలాంటి మనిషి పోయాడని పల్లె మూడు నెలలు దిగులుపడింది. ఆ తర్వాత పట్నం నుంచి కబురొచ్చింది. కొత్త అయ్యగారిని పంపుతున్నాం, దేవుడు ఏర్పరచిన మనిషి, ఎదురుపోయి తీసుకెళ్ళండి అని.

సంఘపెద్ద బర్నబా తంగేడు పూలు కోయించాడు, దండ కట్టించాడు. పల్లె పల్లెంతా బండిబాట మొదట్లో నిలబడింది. ఒక బండి పోయింది, అందులో అయ్యగారు లేరు. రెండో బండి పోయింది, అందులోనూ లేరు. మూడో బండి వెనకాల ఒక పొట్టి మనిషి నెత్తిన మూటతో నడిచొస్తున్నాడు. ఆయన వెనక దగ్గుకుంటూ ఒక ఆడమనిషి.

"ఏమయ్యా, అయ్యగారు వెనక వస్తున్నారా?" అని అడిగాడు బర్నబా.

ఆ మనిషి మూట దించి, నుదుటి చెమట తుడుచుకుని, "నే... నేనేనండీ. జకరయ్య అంటారు. ఈమె నా భార్య దోర్కమ్మ" అన్నాడు.

దండ బర్నబా చేతిలోనే ఉండిపోయింది. దాన్ని ఇంటికి తీసుకెళ్ళి ఎద్దు మెడలో వేశాడని చెప్పుకుంటారు.

జకరయ్య పట్నంలో చెప్పులు కుట్టుకునేవాడట. దేవుడి పిలుపొచ్చిందని తోలు కుట్టే ఆరె, కత్తి పక్కన పెట్టి సత్యవేదం చదువుకున్నాడట. గొంతు లోపలికి. మాట మధ్యలో తడబడేది. మొదటి ఆదివారం ఆయన వాక్యం చెబుతుంటే వెనక వరసలో వాళ్ళకి ఏమీ వినపడలేదు. ముందు వరసలో వాళ్ళు వినపడినా వినలేదు.

కానీ ఆయన పల్లెలో అడుగుపెట్టిన సాయంత్రమే ఒక మాట అడిగాడు. "ఇక్కడ మంచాన ఉన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

చివరి ఇల్లు చూపించారు.

లేయమ్మ అత్త బూదెమ్మ మంచం పట్టి నాలుగేళ్ళు. ఆ ఇంట్లోకి రావాలంటే ముక్కు మూసుకోవాలి. జకరయ్య లోపలికి వచ్చి ముసలమ్మ కాళ్ళ దగ్గర నేలమీద కూచున్నాడు. ఏం ప్రార్థన చేయాలో తోచలేదో ఏమో, ఊరికే కూచుని వెళ్ళాడు. రెండో రోజు వచ్చాడు. విసనకర్రతో ఈగలు తోలాడు. మూడో రోజూ వచ్చాడు. ఆయన వెళ్ళాక ముసలమ్మ అడిగింది.

"ఈ పిల్లాడు రేపు కూడా వస్తాడా, లేయా?"

"వస్తాడత్తా."

"వస్తే నాకు తెలివుండగానే లేపు."

ఆయన రోజూ వచ్చాడు. పదిహేను రోజులకి ముసలమ్మ పోయింది. పోయేటప్పుడు ఆమె పాదం ఆయన చేతిలో ఉంది.

ఇతన్ని దేవుడే పంపాడని లేయమ్మకి ఎవరూ చెప్పలేదు. ఆకాశం తెరుచుకోలేదు, గొంతేమీ వినపడలేదు. తనలాగే అలిసిపోయిన మనిషి. రెండో రోజు రానక్కర్లేని చోటికి రెండో రోజు కూడా వచ్చాడు. ఆమెకి అది చాలింది.

మిగతా పల్లెకి చాలలేదు. బర్నబా పెద్దల్ని కూచోబెట్టి, "పట్నంలో ఏదో పొరపాటు జరిగింది. దేవుడు పంపితే ఇలాంటి మనిషిని పంపుతాడా? వేరే అయ్యగారిని పంపమని ఉత్తరం రాద్దాం. జవాబొచ్చేదాకా ఈయనకి ఎవరూ ఏమీ పెట్టొద్దు. పెడితే ఉండిపోతాడు" అన్నాడు.

అందరూ తలలూపారు. ఉత్తరం పోయింది. జవాబు రాలేదు.

ఆ పల్లెలో అయ్యగారికి చేను లేదు, గొడ్డు లేదు. ఇళ్ళవాళ్ళు పెడితే తినాలి, లేదంటే లేదు. మూడో వారానికి మందిరం వెనక అయ్యగారింటి పొయ్యిలోంచి పొగ రావడం మానేసింది. అది చూసింది లేయమ్మే.

ఆమె బర్నబా గుమ్మం ముందుకు పోయి నిలబడింది. "పెద్దయ్యా, అయ్యగారింట్లో పొయ్యి వెలగలేదు."

"చూద్దాంలే."

ఆదెమ్మ గుమ్మం ముందుకు పోయింది. "వదినా, పిడికెడు జొన్నలు పెడితే పోయి ఇచ్చొస్తాను."

"పంట చేతికి రానీ, లేయమ్మా."

కుంటి దావీదు గుమ్మం ముందుకు పోయింది. "బావా, అమ్మగారికి దగ్గు ఎక్కువైంది."

"ముందు బర్నబాని పెట్టమను. ఆయన పెడితే మేమూ పెడతాం."

తొమ్మిది ఇళ్ళూ తిరిగింది. తొమ్మిది ఇళ్ళల్లోనూ ఈ మూడు మాటలే. తిరిగొచ్చి తన గడపలో కూచుంది. అలుపు తీరలేదు. అయినా లేచింది. బానలో చెయ్యి పెట్టి, పరిగె ఏరుకున్న జొన్నలు మూడు పిడికిళ్ళు తీసింది. చేతికి దొరికిన పాతగుడ్డలో మూడు మూలలా మూడు ముడులు వేసి మూటకట్టుకుని మందిరం వెనక్కి పోయింది.

జకరయ్య వంగి మూటలో గింజల్ని వేళ్ళతో తడిమి చూశాడు. తర్వాత, "ఎవరు పంపారమ్మా?" అన్నాడు.

నేనే తెచ్చానండీ అందామని లేయమ్మ నోరు తెరిచింది. ఆయన మొహం చూసింది. ఊరంతా వద్దనుకుంటున్నారని తెలిసి కూడా వెళ్ళలేక, ఉండలేక ఉన్న మనిషి మొహం అది. నోట్లో మాట మారిపోయింది.

"సంఘం పంపింది అయ్యగారూ."

"సంఘమంటే ఎవరెవరమ్మా? పేర్లు చెబితే ప్రార్థనలో చెప్పుకుంటాను."

ఆమె మొదటి ముడి మీద చెయ్యి వేసి, "ఇది బర్నబా పెద్దయ్య ఇంటిది" అంది. రెండో ముడి మీద చెయ్యి వేసి, "ఇది ఆదెమ్మ వదిన ఇంటిది" అంది. మూడో ముడి మీద చెయ్యి వేసి, "ఇది దావీదు బావ ఇంటిది" అంది. "కానీ అయ్యగారూ, పెట్టినట్టు ఎవరికీ తెలియొద్దన్నారు. మీరు వాళ్ళ దగ్గర ఈ మాట ఎత్తొద్దు."

"ఎత్తనమ్మా" అన్నాడు జకరయ్య. ఆయన కళ్ళు తుడుచుకోవడం ఆమె చూడనట్టు పక్కకి తిరిగింది.

అలా మొదలైంది. ప్రతి శనివారం సాయంత్రం మూడు ముడులు. ఒక వారం ఈ మూడు ఇళ్ళ పేర్లు, మరో వారం ఇంకో మూడు, ఆ పై వారం మిగిలిన మూడు. తొమ్మిది ఇళ్ళూ అయ్యాక మళ్ళీ బర్నబా ఇంటి నుంచి. ఇంటికి తిరిగొచ్చేటప్పుడు లేయమ్మ దారిపొడుగునా ఒకటే అనుకునేది. "ప్రభువా, అబద్ధమాడుతున్నాను. దీన్ని ఎప్పటికి నిజం చేస్తావు?"

ఒకసారి జకరయ్య అడిగాడు. "మీ ఇంటి పేరు ఎప్పుడూ చెప్పవేంటమ్మా?"

"మా ఇంట్లో ఏముంటుంది అయ్యగారూ? నేను మోసుకొచ్చేదాన్ని."

ఇప్పుడు ఆయన సంగతి వినండి. పేరొచ్చిన ఇంటికి ఆయన ఆ వారం తప్పకుండా పోయేవాడు. మాటిచ్చాడు గనక గింజల ఊసు ఎత్తేవాడు కాదు. ఏదో ఒక పని పట్టుకునేవాడు. బర్నబా బావి దగ్గర మోట తోలు చిరిగితే ఆరె తెచ్చి కుట్టిచ్చాడు. ఆదెమ్మ కొడుక్కి జ్వరమొస్తే మూడు రోజులు ఆ ఇంటి అరుగు దిగలేదు. దావీదుకి కుంటికాలికి తగ్గట్టు ఎత్తు మడమతో చెప్పు చేసిచ్చాడు. దావీదు జీవితంలో మొదటిసారి తిన్నగా నడిచాడు.

ఆ ఇళ్ళవాళ్ళు ఆయన వెళ్ళాక ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకునేవాళ్ళు. "మనం ఈ మనిషికి ఒక్క గింజ పెట్టలేదే, ఎందుకొస్తున్నాడు?" అనుకునేవాళ్ళు. "ఎవరో పెడుతూనే ఉన్నారులే, పొయ్యి వెలుగుతోందిగా" అని కూడా అనుకునేవాళ్ళు. ప్రతి ఇల్లూ పక్క ఇల్లు పెడుతోందనుకుంది. ఆదివారం వాక్యం చెబుతుంటే మాత్రం వెనక వరసవాళ్ళు మెల్లగా ముందుకు జరిగి కూచోవడం మొదలుపెట్టారు.

మొదటి ఏడాది వానలు పడ్డాయి. బాన నిండుగా ఉంది. మూడు పిడికిళ్ళు తీస్తే లోటు కనపడలేదు.

రెండో ఏడాది వానలు సగమే పడ్డాయి. రైతులు కంకి రాలనివ్వకుండా కోయించుకున్నారు. పరిగె తక్కువైంది. లేయమ్మ సంకటి మానేసి అంబలి తాగింది. ఒక శనివారం మూట కట్టబోయి, ఇక నావల్ల కాదు అనుకుంది. కాసేపు కూచుంది. అలుపు తీరలేదు. అయినా లేచింది.

మూడో ఏడాది వానే లేదు. చేలు బీటలు తీశాయి. బర్నబా ఎద్దు మేత లేక చచ్చిపోయింది. లేయమ్మ రెండు కోసుల దూరం పోయి వాగు అవతలి చేలల్లో ఏరుకొచ్చేది. అంబలి రెండు పూటల నుంచి ఒక పూటకి వచ్చింది. పిడికిలి మాత్రం ఆమె చిన్నది చేయలేదు. చిన్నదైతే ఆ ఇంటివాళ్ళ చెయ్యి బిగిసిందని అయ్యగారు బాధపడతారని ఆమె భయం.

ఆ కరువులోనే ఒక శనివారం జకరయ్య గింజలు అందుకోలేదు. అరుగు మీద మూట కట్టి ఉంది. పల్లెకి వచ్చినప్పుడు నెత్తిన పెట్టుకొచ్చిన మూటే.

"ఎక్కడికి అయ్యగారూ?"

"వెళ్ళిపోతున్నామమ్మా. బర్నబా పెద్దగారి ఎద్దు చచ్చిపోయిన వారం కూడా ఆయన పేరున గింజలొచ్చాయి. ఆదెమ్మ పిల్లలు ఆకులు ఉడకబెట్టుకు తింటున్నారు, నేను కళ్ళారా చూశాను. వాళ్ళ నోటి దగ్గర కూడు నేను తింటున్నాను. ఇంత మంచి సంఘాన్ని నేను చంపలేను."

లేయమ్మ అరుగు కింద కూలబడింది. నిలబడే ఓపిక లేదు. నిజం చెప్పేద్దామా అనుకుంది. చెబితే, మూడేళ్ళుగా ఈ పల్లెలో తననెవరూ కావాలనుకోలేదని ఆయనకి తెలుస్తుంది. అప్పుడు ఇంకా తొందరగా పోతాడు. చెప్పకపోయినా పోతాడు.

"అయ్యగారూ, అలిసిపోయారా?" అంది చివరికి.

"అలిసిపోయానమ్మా."

"నేనూ అలిసిపోయాను. మా వాళ్ళంతా అలిసిపోయి ఉన్నారు. ఈ కరువులో ఎవరింట్లో ఎవరు పోయినా పాదం పట్టుకుని కూచునేవాడు ఒకడుండాలి గదా. పెద్ద గొంతు ఉన్నవాడు ఇంకొకడు వస్తాడేమో. అలా కూచునేవాడు వస్తాడని నాకు నమ్మకం లేదు. మిమ్మల్ని ఇక్కడ పెట్టినవాడు వెళ్ళమంటే వెళ్ళండి. మా ఆకలి చూసి వెళ్ళొద్దు."

దోర్కమ్మ లోపలి నుంచి వచ్చి మూట విప్పింది.

లేయమ్మ ఇంటికి నడిచింది. దారిలో రెండుసార్లు ఆగింది. "ప్రభువా, ఆ మాట ఇంకా నిజం కాలేదు" అనుకుంది.

ఆ తర్వాత ఎన్నాళ్ళకో గానీ, ఒక మిట్టమధ్యాహ్నం వాగు అవతలి చేనుగట్టు మీద లేయమ్మ కూచుని కనపడింది. ఒళ్ళో నాలుగు కంకులు. పశువుల కాపరి పిలిస్తే పలకలేదు. దగ్గరికి పోయి చూశాడు. ఈసారి ఆమె లేవలేదు.

పది ఇళ్ళ పల్లెలో చావంటే అందరిదీ. మగవాళ్ళు గొయ్యి తవ్వారు. ఆడవాళ్ళు ఆమెకి స్నానం చేయించారు. ఒంట్లో ఏమీ మిగల్లేదని, ఎత్తితే చేట ఎత్తినట్టుందని ఆదెమ్మ మెల్లగా చెప్పింది.

గోతి దగ్గర జకరయ్య నిలబడ్డాడు. ఎప్పటిలాగే గొంతు లోపలికి. కానీ ఆ రోజు అందరికీ వినపడింది.

"ఒక మాట ఎత్తొద్దని ఈమెకి మాటిచ్చాను. మూడేళ్ళు ఎత్తలేదు. ఈమె వెళ్ళిపోయింది, ఇక దాచలేను. మీరు పంపిన గింజలు మోసుకొచ్చింది ఈమే. ప్రతి శనివారం మూడు ముడులు. ఒక్క వారం తప్పలేదు. బర్నబా పెద్దగారూ, మీ ఎద్దు పోయిన వారం కూడా పంపారు. ఆదెమ్మా, నీ పిల్లలకి లేనప్పుడూ పంపావు. దావీదూ, నువ్వూ పంపావు. ఏ వారం ఎవరివో నాకు గుర్తే. మీ పేర్లు చెప్పే నేను అన్నం ముందు కూచున్నాను. నాలాంటివాడు మీకు అక్కర్లేదని వచ్చిన రోజు అనుకున్నాను. మీరు నన్ను నిలబెట్టారు. మీకు దణ్ణం పెట్టుకోవాలి."

అని చేతులెత్తి తొమ్మిది ఇళ్ళవాళ్ళకీ దణ్ణం పెట్టాడు.

ఎవరూ తిరిగి దణ్ణం పెట్టలేదు. బర్నబా చేతిలో గోతిలో వేయాల్సిన మట్టి ఉంది. అది వేళ్ళ సందుల్లోంచి జారిపోతోంది. ఆదెమ్మ ఒక్కతే అక్కడి నుంచి వెనక్కి తిరిగి, చివరి ఇంటికి పరిగెత్తినట్టు నడిచింది. బాన మూత తీసింది. అడుగున ఊక. బాన పక్కన పాతగుడ్డ. అందులో మూడు ముడులు, రాబోయే శనివారానివి. ఆమె గుడ్డ తెచ్చి అందరి ముందూ నేలమీద పెట్టింది.

"నేను పెట్టలేదు అయ్యగారూ" అంది. "ఒక్క గింజ కూడా పెట్టలేదు."

"నేనూ పెట్టలేదు" అన్నాడు దావీదు.

"మేమూ పెట్టలేదు" అన్నారు పక్కవాళ్ళు. ఒక ఇంటి తర్వాత ఒక ఇల్లు. తొమ్మిదో మాట బర్నబాది. "పెట్టొద్దని చెప్పిందే నేను" అన్నాడు.

జకరయ్య నేలమీద కూచుండిపోయాడు. ఆ గుడ్డ వైపు చూశాడు. గోతిలో ఉన్న ఆమె వైపు చూశాడు. "అయితే మూడేళ్ళు నేను తిన్నది..." అన్నాడు. ప్రార్థన చేయాల్సిన మనిషి మోకాళ్ళలో తల పెట్టుకున్నాడు. పొద్దు వాలుతోంది. గొయ్యి తెరిచే ఉంది.

బర్నబా మట్టి దులుపుకుని ఆయన దగ్గరికి వచ్చాడు. ఈ మూడేళ్ళలో ఆయన జకరయ్యని "ఏమయ్యా" అనే పిలిచేవాడు, ఎదురుగా లేనప్పుడు "ఆ మనిషి" అనేవాడు. ఇప్పుడు పక్కన వంగి, ఆయన చంకకింద చెయ్యి వేశాడు.

"లేవండి అయ్యగారూ. ఆమె మిమ్మల్ని ముందే గుర్తుపట్టింది. మాకు ఇంతకాలం పట్టింది. మీరు చెప్పాల్సింది చెబితే గానీ ఆమెని సాగనంపలేం. లేవండి."

రెండో పక్క దావీదు చెయ్యి వేశాడు. ఇద్దరూ లేపి నిలబెట్టారు. ఆయన ప్రార్థన చేసినంతసేపూ వాళ్ళు చెయ్యి తీయలేదు.

ఆ శనివారం సాయంత్రం బర్నబా తనే జొన్నలు పట్టుకుని మందిరం వెనక్కి పోయాడు. కరువు ఇంకా పోలేదు, ఆయన ఇంట్లోనూ ఎక్కువేం లేవు. జకరయ్య గింజలు అందుకుని, అలవాటు చొప్పున, "ఎవరివి పెద్దగారూ?" అన్నాడు. నావి అనడానికి బర్నబాకి నోరు రాలేదు.

"ఆదెమ్మ ఇంటివి" అన్నాడు.

కాసేపటికి ఆదెమ్మ వచ్చింది. "దావీదు ఇంటివి" అంది. దావీదు వచ్చి ఇంకో ఇంటి పేరు చెప్పాడు. చీకటి పడేలోగా తొమ్మిది ఇళ్ళవాళ్ళూ వచ్చిపోయారు. తమ పేరు చెప్పినవాళ్ళు ఒక్కరూ లేరు.

జకరయ్య ఆ పల్లెలోనే ముసలివాడై, ఆ పల్లెలోనే పోయాడు. ఆయన తర్వాత చాలామంది అయ్యగార్లు వచ్చారు. గట్టిగా పాడేవాళ్ళు వచ్చారు, మెల్లగా మాట్లాడేవాళ్ళు వచ్చారు. ఎవరొచ్చినా, వచ్చిన మనిషి ఎలా ఉన్నాడని ఎర్రమిట్టవాళ్ళు ఇప్పుడు చూడరట. మంచాన ఉన్నవాళ్ళ ఇల్లు చూపించి వస్తారట.

శనివారం సాయంత్రం మందిరం దగ్గర కుండ పెడతారు. ఆ వారం ఉన్నవాళ్ళు ఇంటికి పిడికెడు వేస్తారు. వేసేటప్పుడు పక్కింటి పేరు చెబుతారు. కొత్తగా కాపరానికి వచ్చిన కోడళ్ళు తెలియక తమ ఇంటి పేరు చెప్పబోతే, అత్తలు మోచేత్తో పొడిచి, "లేయమ్మని అడుగు" అంటారు. లేయమ్మ ఎవరని వాళ్ళు అడుగుతారు, అలా వాళ్ళకి ఈ కథ తెలుస్తుంది. పాపం, కొత్త అయ్యగార్లకి మాత్రం కొన్నాళ్ళు అయోమయమే. పెట్టిన ఇంటిని వదిలేసి, ఆ వారం ఏమీ పెట్టని ఇంటికి పోయి దణ్ణం పెడతారు. ఆ ఇంటివాళ్ళు కాదనరు. తలవంచుకుని దణ్ణం అందుకుంటారు. ఆయన వీధి మలుపు తిరగ్గానే ఇంటావిడ లోపలికి పోయి, బాన మూత తీస్తుంది.